ఫ్లూ జ్వరం – ఏ మందు ఏ పని చేస్తుంది?

వానలు వెనుకబట్టే రోజులు. సాయంత్రం బడి వదిలారు. మీరు తల్లాడ కూడలిలో బస్సు కోసం నిలబడ్డారనుకోండి. అక్కడి నుంచి ఒక దారి వైరా మీదుగా ఖమ్మం పోతుంది. ఒకటి కల్లూరు మీదుగా సత్తుపల్లి పోతుంది. ఇంకొకటి ఏన్కూరు మీదుగా కొత్తగూడెం చేరి, ఆపైన అడవుల గుండా భద్రాచలం వెళుతుంది. ఇన్ని దారుల జనం ఎక్కిన బస్సు కిక్కిరిసి ఉంది. జల్లు పడుతోందని అద్దాలన్నీ మూసేశారు. మీ పక్కన నిలబడిన ఒకాయన గట్టిగా తుమ్మాడు. మీరు మొహం పక్కకు తిప్పుకున్నారు. ఇంటికి చేరేసరికి ఆ సంగతే మరిచిపోయారు.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు లెక్కల పీరియడులో ఉన్నట్టుండి చలి పుట్టింది. తల పగిలిపోతున్నట్టుంది. ఇంటికి వచ్చి దుప్పటి కప్పుకుని పడుకున్నారు. ఒళ్ళంతా కర్రలతో కొట్టినట్టు నొప్పులు, గొంతులో గరగర, పొడి దగ్గు. ధర్మామీటరు పెట్టి చూస్తే 102 డిగ్రీలు!

ఇంట్లో తలా ఒక మాట అన్నారు.

"లంఖణం పరమౌషధం. రెండు రోజులు కడుపు మాడిస్తే అదే పోతుంది" అంది నాయనమ్మ.

"రేపటి నుంచి పత్తి తీయాలి. నేను ఇంట్లో కూర్చుంటే ఎట్లా? ఒక సూది వేయించి, సీసా ఎక్కిస్తే పొద్దున్నకల్లా లేచి తిరుగుతావు" అన్నాడు నాన్న.

"మొన్న మా వాడికి రాసిన మాత్రలు నాలుగు మిగిలాయి. అవి వేసెయ్యండి" అన్నాడు పక్కింటి పెదనాన్న.

"ముందు ఆస్పత్రికి పోయి రక్తం చూపిద్దాం" అంది అమ్మ.

నలుగురూ మీ మేలు కోరి చెప్పినవారే. అయితే మేలు కోరడం వేరు, మేలు జరగడం వేరు. ఎవరి మాటలో ఎంత నిజం ఉందో తేల్చాలంటే, అసలు మీ ఒంట్లో ఏం జరుగుతోందో ముందు తెలుసుకోవాలి.

దొంగ ఎవరు?

ఈ జబ్బు పూర్తి పేరు ఇన్‌ఫ్లుయెంజా. ముద్దుగా ఫ్లూ అంటున్నాం గాని, దీని చేష్టలు ముద్దు పుట్టించేవి కావు. 1892లో జర్మనీకి చెందిన ఫైఫర్ అనే శాస్త్రజ్ఞుడు రోగుల కఫంలో ఒక బాక్టీరియాను చూసి, ఇదే దొంగ అనుకున్నాడు. చాలాకాలం లోకమూ అలాగే నమ్మింది. అసలు దొంగ 1933లో దొరికాడు. ఆ ఏడు లండనులో విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఫ్లూ రోగి గొంతు కడిగిన నీటిని, బాక్టీరియా కూడా దూరలేని సన్నని వడపోత గుండా వడకట్టారు. ఆ నీటిని ఫెర్రెట్ అనే ముంగిస వంటి జంతువుల ముక్కులో వేశారు. వాటికీ జ్వరం వచ్చింది, అవీ తుమ్మడం మొదలుపెట్టాయి! అంటే జబ్బు తెచ్చేది బాక్టీరియా కన్నా ఎంతో చిన్నదైన వైరసు అని తేలింది.

ఎంత చిన్నది? పదివేల ఫ్లూ వైరసులను పక్కపక్కన వరుసగా పేర్చితే ఆ వరుస పొడవు సుమారు ఒక మిల్లీమీటరు వస్తుంది. మీ స్కేలు మీద ఒక మిల్లీమీటరు ఎంతో చూసి, దాన్ని పదివేల భాగాలు చేసినట్టు ఊహించుకోండి.

బస్సులో తుమ్మిన ఆయన నోటి తుంపర్లతో ఈ వైరసు మీ ముక్కులోకి, గొంతులోకి చేరింది. దానికి సొంతంగా పెరిగే శక్తి లేదు. వంటిల్లు లేని దొంగ ఇంకొకరి ఇంట్లో జొరబడి, వారి పొయ్యి మీదే తన వంట చేసుకున్నట్టు, ఇది మన కణంలో దూరి, కణంలోని పనిముట్లతోనే తన నకళ్ళు వేలకొద్దీ తయారు చేయించుకుంటుంది. ఆ నకళ్ళు బయటపడి పక్క కణాలలో దూరుతాయి. ఇదంతా జరిగేటందుకు ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది. అందుకే తుమ్ము తగిలిన రోజున కాక, మూడో రోజున మీకు జ్వరం వచ్చింది.

ఒళ్ళు నొప్పులు ఎవరి పని?

వైరసు ఉన్నది ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల దారిలో. మరి కాళ్ళూ నడుమూ ఎందుకు నొప్పి పుట్టాయి?

ఇక్కడే ఒక వింత ఉంది. ఆ నొప్పులు చాలావరకు వైరసు పెట్టినవి కావు, మన సైన్యం చేసిన హడావుడి వల్ల వచ్చినవి. వైరసు దూరిన కణం ఊరుకోదు. ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి, చుట్టుపక్కల కణాలకు "దొంగ వచ్చాడు, తలుపులు బిగించుకోండి" అని దండోరా వేస్తుంది. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రజ్ఞులు ఈ పదార్థాన్ని కనుగొన్నది ఫ్లూ వైరసుతో ప్రయోగాలు చేస్తుండగానే. ఇటువంటి సందేశ పదార్థాలు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతాయి. అవి మెదడుకు చేరితే శరీరం వేడిని పెంచుతుంది. కండరాలకు చేరితే నొప్పులు పుడతాయి. ఆకలి మందగిస్తుంది, నిద్ర ముంచుకొస్తుంది. "కదలకు, పడుకో, నేను యుద్ధంలో ఉన్నాను" అని శరీరం చెప్పే పద్ధతి అది.

ఈలోగా తెల్ల రక్తకణాలు ఆ వైరసుకు సరిపోయే ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి. తాళానికి తాళంచెవి చేసినట్టే. అందుకు కొన్ని రోజులు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో చాలామందికి ఫ్లూ జ్వరం మూడు నుంచి అయిదు రోజులలో దిగిపోతుంది. దగ్గు, నీరసం మాత్రం రెండు వారాల దాకా ఉండవచ్చు.

కాబట్టి ఫ్లూను నయం చేసే మొదటి వైద్యుడు మీ శరీరమే. మందులూ ఆహారమూ ఆ వైద్యుడికి సహాయకులు. ప్రతి సహాయకుడికీ ఒక పని ఉంది. ఎవరి పని ఏదో తెలియకపోతే చిక్కు వస్తుంది.

అసలు ఇది ఫ్లూయేనా?

అమ్మ మాటను ముందు చూద్దాం. తల్లాడ దాటి ఏన్కూరు దారి పట్టి పోతే అడవి మొదలవుతుంది. భద్రాచలం చుట్టుపక్కల ఏజెన్సీ గ్రామాలకు మలేరియా కొత్త కాదు. వెనుకటి వారు దాన్నే చలిజ్వరం, మన్యం జ్వరం అనేవారు. ఇటు మైదానపు ఊళ్ళలో వానల తరువాత డెంగీ జ్వరం వస్తుంటుంది. 2020 తరువాత కోవిడ్ కూడా ఈ వరుసలో చేరింది. వీటన్నిటి మొదటి రోజు ముఖం ఒక్కటే: జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు. దగ్గు, గొంతు నొప్పి, ముక్కు కారడం ఉంటే ఫ్లూ అని అనుమానించవచ్చు. కాని అనుమానం వేరు, నిర్ధారణ వేరు.

మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ కనుగొన్నది ఎక్కడో కాదు, మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఆ పరిశోధనలకు ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. రాస్ గంటల తరబడి సూక్ష్మదర్శినిలో వెతికాడు. ఈనాడు వేలి చివర తీసిన ఒక్క రక్తపు బొట్టుతో, పావుగంట, ఇరవై నిమిషాలలో, మలేరియా ఉన్నదీ లేనిదీ చెప్పే చిన్న పరీక్ష పట్టీలు ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్షకు డబ్బు అక్కరలేదు. మలేరియాకు దాని క్రిమిని చంపే మందు ఉంది. సరైన సమయంలో వేస్తే ప్రాణం నిలుస్తుంది. "ఫ్లూయే కదా" అని ఇంట్లో పడుకుంటే ఆ సమయం జారిపోతుంది. అందుచేత మన ప్రాంతంలో జ్వరం వస్తే, వెంటనే రక్తం చూపించుకోవడం మొదటి వైద్యం.

జ్వరం మాత్ర చేసే పని

పరీక్షలో మలేరియా లేదని తేలింది. డాక్టరు చూసి ఫ్లూ అన్నారు. పారాసిటమాల్ మాత్ర ఇచ్చారు. ఆ మాత్ర వైరసును చంపుతుందా? చంపదు. మెదడులో వేడిని పెంచే ఏర్పాటును కొంచెం తగ్గించి, నొప్పులకు ఉపశమనం ఇస్తుంది. ఒళ్ళు తేలికపడితే మీరు నాలుగు గుక్కలు గంజి తాగగలుగుతారు, కాస్త నిద్రపోగలుగుతారు. అదే దాని పని. మందు దిగిన తరువాత జ్వరం మళ్ళీ ఎక్కితే "మందు పనిచేయలేదు" అని కంగారుపడకూడదు. యుద్ధం ఇంకా సాగుతోందని అర్థం.

దీని మోతాదు బరువును బట్టి ఉంటుంది. పిల్లలకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్క. మీ బరువు 30 కిలోలనుకోండి. ఒక మోతాదు 300 నుంచి 450 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్ళకు తెచ్చిన 650 మిల్లీగ్రాముల మాత్ర మీరు మింగితే? 650ని 30తో భాగించి చూడండి, కిలోకు 21 దాటుతుంది! అది ఎక్కువ. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి. రోజు మొత్తం మీద నాలుగు సార్లకు మించకూడదు. మించితే కాలేయం దెబ్బతింటుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. జలుబు మందు అని వేరే పేరుతో అమ్మే మాత్రలలో, సిరప్పులలో కూడా తరచు పారాసిటమాలే ఉంటుంది. రెండూ వేసుకుంటే తెలియకుండానే మోతాదు రెట్టింపు అవుతుంది. అందుకే అట్ట మీద సన్న అక్షరాలతో ఉన్న మందు పేరు చదవాలి. మాత్ర ఎప్పుడూ పెద్దల చేతి మీదుగానే వేసుకోవాలి సుమా!

ఆస్పిరిన్ సంగతి వేరు. ఫ్లూ ఉన్న పిల్లలకు అది ఇవ్వకూడదు. మెదడుకూ కాలేయానికీ హాని చేసే రేయ్ జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన రేయ్ అనే డాక్టరు 1963లో ఈ జబ్బును వర్ణించాడు. పైగా, వచ్చినది డెంగీ అయితే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు రక్తస్రావాన్ని పెంచగలవు. వాటిని డాక్టరు చెప్పకుండా ముట్టరాదు.

కాకి వాలింది, తాటిపండు పడింది

ఇప్పుడు నాన్న మాట. సూది వేయించుకుని మర్నాడే లేచి తిరిగినవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది కనిపిస్తారు. వాళ్ళు అబద్ధం చెబుతున్నారా? లేదు. కాని లెక్క చూడండి.

జ్వరం వచ్చిన మొదటి రోజు ఎవరూ సూదికి పోరు. రెండో రోజు చూస్తారు. ఇక లాభం లేదని మూడో రోజు పోతారు. ఫ్లూ జ్వరం చాలామందికి తనంతట తానే దిగేది ఎప్పుడు? మూడు నుంచి అయిదు రోజులలో! తాటిచెట్టు మీద కాకి వాలింది, అదే క్షణంలో పండు రాలింది. కాకి వాలబట్టే పండు పడిందనుకుంటే పొరపాటు. పండు అప్పటికే ముగ్గి ఉంది. దీన్నే మన పెద్దలు కాకతాళీయం అన్నారు. ఒక మందు నిజంగా పనిచేసిందా అని తేల్చాలంటే, ఆ మందు వేసుకున్న వందలమందినీ, వేసుకోని వందలమందినీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. శాస్త్రజ్ఞులు చేసేది అదే.

మరి సీసా ఎక్కించడం? అర లీటరు గ్లూకోజు సీసాలో ఉండేది అర లీటరు నీరు, 25 గ్రాముల గ్లూకోజు. అంటే సుమారు అయిదు చిన్న చెంచాల పంచదారంత. నోటితో తాగగలిగిన మనిషికి అది గ్లాసుల కొద్దీ మజ్జిగ, జావ రూపంలో ఇంట్లోనే దొరుకుతుంది. వాంతులు ఆగనివారికి, తెలివి తప్పినవారికి, నీరు బాగా తగ్గిపోయినవారికి మాత్రం ఆ సీసాయే ప్రాణదానం చేస్తుంది. మందు చెడ్డది కాదు, దాని స్థానం తెలియాలి.

నాన్నను మనం తప్పు పట్టడం లేదు. పత్తి తీసే రోజుల్లో ఒక్కరోజు పని పోతే ఎంత కష్టమో ఆయనకు తెలుసు. త్వరగా తగ్గాలన్న ఆరాటం అక్కడి నుంచే వచ్చింది. అయితే అవసరం లేని సూదికి పెట్టిన డబ్బు కూడా ఆ కష్టంలోదే కదా! ఆ డబ్బుతో వారం రోజులు గుడ్లు, పాలు, పండ్లు వస్తాయి.

సుబ్బారావుగారి మందు ఎప్పుడు పనికివస్తుంది?

పెదనాన్న ఇస్తానన్న నాలుగు మాత్రలు బహుశా యాంటీబయాటిక్ మాత్రలు. ఈ మందుల చరిత్రలో ఒక తెలుగువారి పేరు ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడే బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందును కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదే మొదటిది. ఆ మందు సంగతి 1948లో లోకానికి తెలిసింది. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఈ జాతి మందులు బాక్టీరియా తన మాంసకృత్తులను తయారు చేసుకోకుండా అడ్డుకుంటాయి. మరి వైరసుకు సొంత వంటిల్లే లేదని చెప్పుకున్నాం కదా! లేని పొయ్యిని ఆర్పేది ఎలా? అందుకే యాంటీబయాటిక్ ఏదైనా సరే ఫ్లూ వైరసును ఏమీ చేయలేదు. పైగా అనవసరంగా వాడితే ఒంట్లో ఉన్న బాక్టీరియాలలో మొండివి మిగిలి, ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి. రేపు నిజంగా అవసరమైన నాడు మందు పనిచేయదు. నాలుగు మాత్రలు వేసి ఆపేయడం ఇంకా తప్పు.

అవసరం ఎప్పుడు వస్తుందో 1918 చెబుతుంది. ఆ ఏడు ప్రపంచాన్ని చుట్టిన ఫ్లూ జూన్‌లో బొంబాయి రేవులో దిగి, రైలు దారుల వెంట దేశమంతటా పాకింది. వానలు వెనుకబట్టాక వచ్చిన రెండో విడత మరీ దారుణం. మన దేశంలో కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా జనం చనిపోయారని చరిత్రకారుల అంచనా. తల్లాడ అప్పుడు నైజాం రాజ్యంలోని పల్లె. ఆనాడు చనిపోయినవారిలో ఎక్కువమందిని చంపింది వైరసు ఒక్కటే కాదు. వైరసు గోడలు పడగొట్టిన ఊపిరితిత్తులలోకి తరువాత దూరిన బాక్టీరియా న్యుమోనియా. అప్పటికి పెనిసిలిన్ కూడా పుట్టలేదు. ఫ్లెమింగ్ దాన్ని గమనించింది 1928లో.

కనుక గుర్తు పెట్టుకోండి. జ్వరం తగ్గి, ఒకటి రెండు రోజులు బాగుండి, మళ్ళీ జ్వరం ఎక్కి, ఆయాసం, ఛాతీ నొప్పి, చిక్కని కఫం వస్తే, అది బాక్టీరియా కావచ్చు. డాక్టరు చూసి యాంటీబయాటిక్ రాస్తారు. అప్పుడు చెప్పినన్ని రోజులూ పూర్తిగా వాడాలి. అదీ ఆ మందు స్థానం.

అనాసపువ్వు నుంచి వచ్చిన మందు

మరి ఫ్లూ వైరసు మీద పనిచేసే మందే లేదా? ఉంది. పేరు ఒసెల్టామివిర్. దీని తయారీకి ముడిపదార్థమైన షికిమిక్ ఆమ్లం, మన బిర్యానీలో వేసే అనాసపువ్వులో దొరుకుతుంది! అలాగని అనాసపువ్వు నమిలితే ఫ్లూ పోదు. ఆ ఆమ్లాన్ని రసాయనశాలలో ఎన్నో మెట్లు మార్చితే గాని మందు కాదు. దూది ఉన్నంత మాత్రాన చొక్కా అయిపోదు కదా!

కణంలో పుట్టిన కొత్త వైరసులు బయటపడేటప్పుడు కణం అంచుకు అతుక్కుని ఉంటాయి. వాటి ఒంటి మీద ఉన్న కత్తెర వంటి పదార్థం ఆ బంధాన్ని తెంపుతుంది. ఈ మందు ఆ కత్తెరకు అడ్డుపడుతుంది. వైరసు పక్క కణానికి పోలేక చిక్కుకుంటుంది. అందువల్ల జబ్బు మొదలైన 48 గంటలలోపు వేస్తేనే దీనివల్ల ఎక్కువ లాభం. దొంగలు ఊరంతా పాకిన తరువాత వాకిలి మూసి ఏం ప్రయోజనం?

హైదరాబాదులోని హెటిరో కంపెనీ 2005 డిసెంబరులో స్విట్జర్లాండుకు చెందిన రోష్ కంపెనీ నుంచి దీన్ని తయారు చేసే అనుమతి పొందింది. నాలుగేళ్ళకే దాని అవసరం వచ్చింది. 2009లో కొత్త రకం ఫ్లూ ప్రపంచాన్ని చుట్టినప్పుడు, మన దేశంలో మొదటి కేసు బయటపడింది హైదరాబాదులోనే, ఆ ఏడు మే నెలలో. దానినే జనం స్వైన్‌ఫ్లూ అన్నారు.

ఈ మందు అందరికీ అక్కరలేదు. గర్భిణులకు, ముసలివారికి, అయిదేళ్ళలోపు పసివారికి, ఉబ్బసం, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారికి ఫ్లూ ముదిరే ప్రమాదం ఎక్కువ. వారు ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి. మీకు ఫ్లూ వస్తే నాయనమ్మ పక్కన పడుకోకూడదన్నది కూడా ఇందుకే.

లంఖణమా? జావా?

ఇక నాయనమ్మ మాట. జ్వరంలో ఆకలి తగ్గడం సహజం. మొదటి రోజు బలవంతాన అన్నం కుక్కనక్కరలేదు. అంతవరకు నాయనమ్మ చెప్పింది నిజమే. కాని కడుపు మాడ్చడం మందు కాదు. ఒంటి వేడి ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ పెరిగితే శరీరం ఖర్చు చేసే శక్తి సుమారు పదో వంతు పెరుగుతుంది. చెమట, వేగంగా ఆడే ఊపిరి నీటిని లాగేస్తాయి. ప్రతిరక్షకాలు తయారయ్యేది మాంసకృత్తులతోనే. తిండి లేకపోతే శరీరం తన కండలనే కరిగించి ఆ ఖర్చు పెడుతుంది. యుద్ధంలో ఉన్న సైన్యానికి అన్నం ఆపుతామా?

జ్వరం ఎక్కువగా ఉన్న రోజులలో ద్రవాలే ఆహారం. ఉప్పు వేసిన గంజి, పల్చని మజ్జిగ, జొన్న జావ, రాగి జావ, పప్పు కట్టు, కొబ్బరినీళ్ళు, కాచి చల్లార్చిన నీరు. గంటకొకసారి కొద్దికొద్దిగా తాగాలి. చాలినంత తాగుతున్నారో లేదో తెలుసుకునేందుకు ఒక సులువైన గుర్తు ఉంది. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరే. ముదురు రంగులో, కొంచెమే వస్తుంటే ఇంకా తాగాలి. వేడి మిరియాల చారు వైరసును చంపదు గాని, మూసుకుపోయిన ముక్కుకూ గొంతుకూ హాయినిస్తుంది. దగ్గుకు ఒక చెంచా తేనె మంచిదే. కాని ఏడాది నిండని పసివారికి తేనె నాకించరాదు.

జ్వరం దిగాక ఆకలి మేలుకొంటుంది. అప్పుడు ఇడ్లీ, పెసరపప్పు పులగం, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, అరటిపండు మొదలుపెట్టాలి. పెరుగు తింటే జలుబు వస్తుందనేది అపోహ. జలుబును తెచ్చేది వైరసు, పెరుగు కాదు. ఆ తరువాత ఒక వారం రోజులు మామూలు భోజనానికి తోడు ఒక పూట అదనంగా పప్పు, గుడ్డు, పాలు, వేరుసెనగలు తింటే కరిగిన కండ తిరిగి వస్తుంది. జామపండులో, ఉసిరికాయలో విటమిన్ సి ఖరీదైన కమలాపండులో కన్నా ఎక్కువ. తినండి, ఆరోగ్యానికి మంచిదే. అయితే విటమిన్ సి ఫ్లూను నయం చేస్తుందని మాత్రం అనుకోకండి.

ఎప్పుడు పరుగెత్తాలి?

ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్నా ఈ గుర్తులను కనిపెట్టి ఉండాలి. ఊపిరి వేగంగా ఆడడం, ఆయాసం, ఛాతీ నొప్పి. పెదవులు నీలి రంగుకు తిరగడం. పిలిస్తే పలకనంత మగత, మాట తడబడడం, ఫిట్స్. ఏదీ తాగలేకపోవడం, ఆగని వాంతులు, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం. తగ్గిన జ్వరం మళ్ళీ ఎక్కడం. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు. వెంటనే ఆస్పత్రికి పోవాలి. 108కి ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది.

డెంగీలో ఇంకొక మోసం ఉంది. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది. "హమ్మయ్య, తగ్గింది" అనుకుంటాం. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ళ నుంచి గాని ముక్కు నుంచి గాని రక్తం, చల్లబడిన చేతులు కాళ్ళు కనిపిస్తే క్షణం ఆలస్యం చేయరాదు.

మళ్ళీ బడికి

మందు లేకుండానే జ్వరం తగ్గి పూర్తిగా ఒకరోజు గడిచాక బడికి వెళ్ళవచ్చు. ఫ్లూ వచ్చినవారు లక్షణాలు కనిపించడానికి ఒకరోజు ముందు నుంచి అయిదు, ఏడు రోజుల దాకా ఇతరులకు అంటించగలరు. తుమ్మేటప్పుడు రుమాలు గాని, మోచేతి మడత గాని అడ్డం పెట్టండి. చేతులు సబ్బుతో కడగండి. ఒక ఏడు వచ్చిన ఫ్లూ మరుసటి ఏడు ఎందుకు మళ్ళీ వస్తుందంటే, వైరసు తన చొక్కా మార్చుకుంటూ ఉంటుంది. పాత తాళంచెవి కొత్త తాళానికి పట్టదు. అందుకే ఫ్లూ టీకాను కూడా కొత్త వైరసులకు సరిపోయేటట్టు మార్చుతూ ఉంటారు. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారు ఏటా వేయించుకుంటే మంచిది.

ఇప్పుడు చెప్పండి, నలుగురిలో ఎవరు సరి? అమ్మ చెప్పిన రక్తపరీక్ష మొదటి రోజు పని. నాయనమ్మ చెప్పిన తేలిక ఆహారం మంచిదే, మాడ్చడం మంచిది కాదు. నాన్న అడిగిన సీసా, పెదనాన్న ఇచ్చిన మాత్ర, వాటి అవసరం వచ్చినప్పుడే మందులు. లేనప్పుడు అవి ఖర్చు, ఒక్కోసారి హాని. ఇది ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ఈసారి ఎవరికైనా జ్వరం వస్తే, "ఈ మందు ఏ పని చేస్తుంది?" అని అడగడం మరిచిపోకండి.

చేసి చూడండి

1. గళ్ళ కాగితం మీద అడ్డంగా రోజులు, నిలువుగా ఉష్ణోగ్రత రాసుకోండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడు ఆరు గంటలకొకసారి కొలిచి చుక్కలు పెట్టి కలపండి. మాత్ర వేసిన వేళను బాణం గుర్తుతో చూపండి. ఈ పటం డాక్టరుకు ఎంతో ఉపయోగపడుతుంది.

2. ఇంట్లో ఉన్న రెండు రకాల జలుబు, జ్వరం మందుల అట్టలను పెద్దల సమక్షంలో చదవండి. రెండిటిలోనూ పారాసిటమాల్ ఉందా?

3. మీ బరువు తూచుకుని, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన మీ మోతాదు ఎంతలోపు ఉండాలో కట్టి, ఆరోగ్య కేంద్రంలో చూపించి సరిచూసుకోండి.